ఇరాన్ బాద్షా కథలు చెప్పిన సూపరింటెండెంటు

ఆ కాగితం మీద నేను పదిహేనేళ్ళుగా హైదరాబాదు వాసినని రాసి ఉంది. నిజానికి అప్పటికి నేను ఈ ఊరొచ్చి తొమ్మిదేళ్ళే అయింది.

రాజధాని కర్నూలు నుంచి ఇక్కడికి మారినప్పుడు మా నాన్నగారు తమ ఆఫీసు ఫైళ్ళతో పాటే వచ్చేశారు. మరుసటేడు వేసవిలో, నేను మా ఊరి బడిలో మూడో తరగతి పూర్తి చేశాక, అమ్మా నేనూ కృష్ణా జిల్లా నుంచి రైలెక్కి వచ్చాం. చిక్కడపల్లిలో రెండు గదుల వాటాలో దిగాం. నాకు పదిహేడేళ్ళు వచ్చి, పీయూసీ పాసై, టైపు నేర్చుకుంటున్న రోజుల్లో నాన్నగారు ఆ సర్టిఫికెట్ తెచ్చి బల్ల మీద పెట్టారు.

తెలంగాణలోని గుమాస్తా ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని అప్పట్లో నిబంధన. స్థానికులంటే ఇక్కడ పదిహేనేళ్ళు ఉన్నవాళ్ళు. వాళ్ళను ముల్కీలనేవారు. ముల్కీ సర్టిఫికెట్ లేకపోతే దరఖాస్తే తీసుకోరు.

"నాన్నా, ఇందులో తప్పు రాశారు" అన్నాను.

"తప్పు కాదమ్మా. అందరూ తెచ్చుకుంటున్నారు. నువ్వొక్కదానివీ మానేస్తే ఆ ఉద్యోగం మనలాంటి ఇంకొకళ్ళకి పోతుంది గానీ, ఇక్కడివాళ్ళకి పోదు" అన్నారు ఆయన.

ఆ కాగితాన్ని నా మార్కుల జాబితాతో కలిపి పెట్టుకున్నాను. ఉద్యోగం చెయ్యాలని నాకూ ఆశగానే ఉంది. మరుసటేడు నాకు నారాయణగూడలోని ఒక సర్కారీ ఆఫీసులో లోయర్ డివిజన్ గుమాస్తాగా ఆర్డరు వచ్చింది.

పెద్దరోడ్డు మీంచి లోపలికి పోయే ఒక సందులో, పాత బంగళాలో ఉండేది మా ఆఫీసు. గోడలు బాగా మందంగా ఉండి ఎండాకాలంలో కూడా లోపల చల్లగా ఉండేది. మా సెక్షన్‌లో ఏడుగురం. మాకు పైన సూపరింటెండెంటు గారు. నల్ల షేర్వానీ వేసుకుని, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని వచ్చేవారు. నారాయణగూడలోనే మూడు తరాలుగా ఉన్న కుటుంబం. చదువంతా నిజాం కాలంలో ఉర్దూలో సాగింది. మొదటిరోజు నా కాగితాలు ఒక్కొక్కటే తిరగేసి చూసి, కట్టకట్టి బీరువాలో పెట్టి, "ఆ కిటికీ కాడ కూసో బిడ్డా. జర గాలొస్తది" అన్నారు.

ఆయన ఎవరినీ తన బల్ల దగ్గరికి పిలిచేవారు కాదు. ఏదైనా అడగాలంటే తానే లేచి వచ్చి మన బల్ల పక్కన నిలబడేవారు. మధ్యాహ్నం డబ్బాలు విప్పినప్పుడు మాతోపాటే కూర్చుని జొన్నరొట్టె తినేవారు. తిన్నాక సుపారీ నోట్లో వేసుకుని కథ మొదలుపెట్టేవారు. ఎప్పుడూ ఒకే మనిషి కథ. రెండున్నర వేల ఏళ్ళ కిందట ఇరాన్‌ను ఏలి, బాబిలోన్ వరకూ గెలిచిన పారశీక చక్రవర్తి కథ. చదువుకునే రోజుల్లో ఒక లావుపాటి ఉర్దూ చరిత్ర పుస్తకంలో చదివారట. ఆ రాజు పేరు మేమెవరమూ సరిగ్గా పలకలేకపోయేవాళ్ళం. అందుకని ఆయనా "బాద్షా" అనే అనేవారు. మా సెక్షన్‌లో బాద్షా అంటే ఆ ఒక్కడే.

నేను చేరిన రెండో నెలలో వరంగల్‌కు పోవలసిన ఉత్తరాన్ని నల్గొండకు పంపించాను. ఆఫీసరు గది లోంచి కేకలు మా సెక్షన్ దాకా వినిపించాయి. సూపరింటెండెంటు గారు లోపలికి వెళ్ళారు. తలుపు తెరిచే ఉంది. "తప్పు నాది సార్. కింద దస్తఖత్ నాది" అని ఆయన అనడం అందరం విన్నాం. బయటికి వచ్చాక నా వైపు చూడను కూడా చూడలేదు. భోజనాల దగ్గర మాత్రం, "ఫౌజు ఎండల నడిస్తే బాద్షా గూడ ఎండల్నే నడిచేటోడట. గుడారంల కూసోని హుకుం ఇచ్చేటోడు గాదు" అన్నారు. ఆ రోజు నాకు ఏడుపు వచ్చింది. ఆయన కింద ఎన్నేళ్ళయినా పని చెయ్యవచ్చు అనుకున్నాను.

ఇంకోసారి ఇద్దరు గుమాస్తాలు పోట్లాడుకున్నారు. గెలిచినవాడు రెండోవాడి మీద రిపోర్టు రాయమన్నాడు. ఆయన రాయలేదు. ఓడినవాణ్ణి తన పక్క బల్లకు మార్చుకున్నారు. బాద్షా ఒక ధనవంతుడైన రాజును ఓడించి, చంపబోయి మానుకుని, అతన్నే సలహాదారుగా పక్కన కూర్చోబెట్టుకున్న కథ ఆ వారం చెప్పారు. "ఎందుకంటరు? ఓడినోనికి తెలిసినన్ని సంగతులు గెలిచినోనికి తెల్వయి" అన్నారు.

ఆ కథల్లో ఎంత నిజమో నాకు తెలియదు. రాజులంత మంచివాళ్ళుంటారా అని అప్పుడు కూడా అనుమానంగానే ఉండేది. కానీ ఆయన ఆ రాజును నమ్మారు. నమ్మినట్టే సెక్షన్‌ను నడిపారు.

నా పక్క బల్ల టైపిస్టు అక్కది. ముప్పై దాటిన మనిషి. నల్లకుంట నుంచి రోజూ నడిచి వచ్చేది. నేను ఫైలు కట్టడం, నోట్ రాయడం, నంబరు వెయ్యడం అన్నీ ఆమె దగ్గరే నేర్చుకున్నాను. నా డబ్బాలో గోంగూర పచ్చడి ఉంటే ఆమె తీసుకునేది, ఆమె డబ్బాలో సర్వపిండి ఉంటే నేను తీసుకునేదాన్ని. మాటల్లో మా ఊరి సంగతులన్నీ చెప్పేదాన్ని. మూడో తరగతిలో మా మాస్టారు కాలవలో పడిన సంగతి చెబితే, టైపు ఆపి మరీ నవ్వింది. మా ఊరి పేరు అడిగింది. చెప్పాను.

ఆమెది టెంపరరీ ఉద్యోగం. ఆరునెలలకోసారి ఆర్డరు పొడిగిస్తారు, లేకపోతే లేదు. అయిదేళ్ళుగా అలాగే ఉందట. భర్త మిల్లులో పనిచేస్తూ చెయ్యి పోగొట్టుకుని ఇంట్లోనే ఉన్నాడు. ఏడాది గడిచాక ఒక మధ్యాహ్నం, రిబ్బను మారుస్తూ మామూలుగా చెప్పినట్టు చెప్పింది.

"నీ పోస్టుకు నేను గూడ దరఖాస్తు పెట్టిన చెల్లె. సార్ సిఫారసు గూడ రాసిండు. ఒక్క పోస్టే ఉండె."

"నాకు తెలియదక్కా" అన్నాను.

"నీకెట్ల తెలుస్తది? మార్కులు నీకు ఎక్కువున్నయి. నువ్వు గాకుంటే ఇంకొకలు వచ్చేటోళ్ళు" అని మిషను మీదికి వంగింది.

అవి దాదాపు మా నాన్నగారు అన్న మాటలే. ఆయన నోట విన్నప్పుడు అవి నాకు ధైర్యాన్నిచ్చాయి. ఆమె నోట విన్నప్పుడు అన్నం దిగలేదు. అయినా మర్నాడు ఆఫీసుకు వెళ్ళాను. ఆ మర్నాడూ వెళ్ళాను.

అరవైతొమ్మిది మొదట్లో గొడవలు మొదలయ్యాయి. ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడివాళ్ళకు దక్కడం లేదని, దొంగ సర్టిఫికెట్లతో బయటివాళ్ళు చేరిపోతున్నారని విద్యార్థులు రోడ్ల మీదికొచ్చారు. తర్వాత వేరే రాష్ట్రమే కావాలన్నారు. కాలేజీలు మూసేశారు. నారాయణగూడ చౌరస్తాలో బస్సు అద్దాలు రోడ్డంతా పడి ఉండేవి. ఒకరోజు అశోక్ నగర్ వైపు నుంచి తుపాకుల చప్పుడు వినిపించింది. మేమంతా కిటికీలు మూసి నేల మీద కూర్చున్నాం. సాయంత్రం పోలీసుల మధ్య నుంచి నడిచి ఇంటికి వెళ్ళాను. ఒక చెప్పు, దాని పక్కన ఇంకొక మనిషి చెప్పు, అలా చాలా దూరం దాకా చెప్పులు పడి ఉన్నాయి.

నాన్నగారు నన్ను బయట నోరు విప్పవద్దన్నారు. మా యాస వింటే తెలిసిపోతుందని. నేను "ఏంటి" మానేసి "ఏంది" అనడం నేర్చుకున్నాను. రిక్షావాడు "యాడికి పోవాలమ్మా?" అంటే "చిక్కడపల్లి పోవాలె" అనేదాన్ని. మా వీధిలో మాలాంటివాళ్ళు రెండు కుటుంబాలు రాత్రికి రాత్రి సామాన్లు సర్దుకుని విజయవాడ వెళ్ళిపోయారు. వాళ్ళ ఇంటి గోడ మీద బొగ్గుతో రాసిన రాతలు వానాకాలం దాకా అలాగే ఉన్నాయి.

సెక్షన్‌లో డబ్బాలు విప్పడం వేరువేరుగా మొదలైంది. నలుగురు ఒకవైపు, ముగ్గురం ఒకవైపు. సూపరింటెండెంటు గారు ఒకరోజు ఇటు, ఒకరోజు అటు కూర్చుని తినేవారు. ఎవరో ఆయన్నే సూటిగా అడిగారు, మీరెటు సార్ అని.

"పోరగాండ్లు అడిగేది న్యాయం. కొట్టేది న్యాయం గాదు. రెండూ ఒక్కతీరు చెప్తున్న, ఇనుండ్రి" అన్నారు. తర్వాత ఆ రోజు బాబిలోన్ కథ చెప్పారు. ఆ పట్నంలో ఎక్కడెక్కడి నుంచో చెరపట్టి తెచ్చిన జనం ఉండేవారట. బాద్షా గెలిచాక వాళ్ళందరినీ మీ మీ ఊళ్ళకు పొండని, గుళ్ళలోంచి దోచిన పాత్రలు కూడా ఇచ్చి పంపాడట. "ఎవరి ఇల్లు వాళ్ళకు ఇచ్చిండు. తన్ని పంపలే. ఇజ్జత్‌తోని పంపిండు" అన్నారు. అటువైపు కూర్చున్న ఒకాయన, "వాళ్ళు చెరకొచ్చినోళ్ళు సార్. ఈళ్ళు నౌకరీలకొచ్చినోళ్ళు" అన్నాడు. సూపరింటెండెంటు గారు తల ఊపారు. "నిజమే" అన్నారు.

అదే నెలలో పైనుంచి ఉత్తరం వచ్చింది. ముల్కీలు కానివాళ్ళందరినీ గుర్తించి వాళ్ళ జిల్లాలకు పంపాలి. ప్రతి సర్టిఫికెట్‌నూ సెక్షన్ పెద్ద సరిచూసి, సరి అని సంతకం పెట్టాలి. మా ఆఫీసరు మా జిల్లా వైపు మనిషే. నాన్నగారికి కొంచెం తెలుసు. ఆఫీసరు ఆ ఉత్తరాన్ని ఒక్క మాట కూడా రాయకుండా సూపరింటెండెంటు గారి బల్ల మీదికి పంపేశారు.

సూపరింటెండెంటు గారు ఒక్కొక్కరినీ రికార్డు గదిలోకి తీసుకువెళ్ళి మాట్లాడారు. నా వంతు వచ్చింది. చుట్టూ కట్టలు కట్టిన పాత ఫైళ్ళు, దుమ్ము వాసన. ఆయన నా సర్టిఫికెట్ చేతిలో పట్టుకుని నిలబడ్డారు.

"బిడ్డా, ఒక్క మాట అడుగుత. గిది నిజమేనా?"

నేను తల వంచుకున్నాను.

"అబద్ధమైతే ఇప్పుడే చెప్పు. నీ పేరు లిస్టుల రాస్త. మీ జిల్లాల మళ్ళ నౌకరీ ఇస్తమంటున్నరు. నీకేం గాదు. ఇయ్యాల చెప్తే ఎవ్వరికీ ఏం గాదు. రేపైతే నా చేతుల ఉండది."

కొంచెం ఆగి, "ఇరాన్ల పిల్లలకు మూడే నేర్పేటోళ్ళట. గుర్రమెక్కుడు, బాణమేసుడు, నిజం చెప్పుడు" అని చిన్నగా నవ్వారు.

నేను చెప్పేదాన్నే. నోటిదాకా వచ్చింది. అప్పుడు నాన్నగారు గుర్తొచ్చారు. ఆయనా సర్కారు ఉద్యోగే. ఆ కాగితం తెచ్చింది ఆయన. దొంగదని తేలితే ఆయన ఉద్యోగం ఏమవుతుందో అని భయం వేసింది. ఇది నేను తర్వాత చాలాసార్లు చెప్పుకున్న కారణం. ఇంకొకటి కూడా ఉంది. ఆ కిటికీ పక్క బల్ల నాకు ఇష్టం. అది పోగొట్టుకోవాలని లేదు.

"నిజమే సార్" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశారు. ఎంతసేపు చూశారో నాకు గుర్తులేదు. చివరికి జేబులోంచి పెన్ను తీసి, ఆ ఫైళ్ళ కట్ట మీదే కాగితం పెట్టి, సరిచూశాను, సరి అని ఇంగ్లీషులో రాసి సంతకం చేశారు. "పో బిడ్డా, పని చూసుకో" అన్నారు.

రెండు నెలల తర్వాత అర్జీ వచ్చింది. పేరు లేదు. టైపు చేసిన కాగితం. ఫలానా గుమాస్తా ఫలానా ఊరి బడిలో మూడో తరగతి చదివింది, కావాలంటే ఆ బడికే రాసి కనుక్కోండి, అని ఉంది అందులో. బడికి రాశారు. నా పేరు, నాన్నగారి పేరు, నేను బడి మానిన సంవత్సరం అన్నీ జవాబులో వచ్చాయి.

ఎవరు రాశారో నాకు అనుమానం రావడానికి ఎంతోసేపు పట్టలేదు. పక్క బల్ల వైపు చూశాను. అక్క తల ఎత్తలేదు. ఆ రోజు నుంచి మా మధ్య మాటల్లేవు.

విచారణకు ఒక అధికారి వచ్చాడు. ముందురోజు మా ఆఫీసరు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"చూడమ్మా. సర్టిఫికెట్ తెచ్చేనాటికి నువ్వు మైనరువి. అందులో ఏం రాసుందో నీకు తెలీదు. ఎవరో మధ్యవర్తి తెచ్చిచ్చాడు. నిన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అర్థమైందా? ఇలా చెబితే నువ్వూ, మీ నాన్నగారూ బయటపడతారు. ఒక్క ముక్క తేడా వచ్చినా కేసు అవుతుంది."

"సూపరింటెండెంటు గారు..." అన్నాను.

"ఆయన సంగతి ఆయన చూసుకుంటాడు."

విచారణ ఆఫీసరు గదిలోనే జరిగింది. ముందు సూపరింటెండెంటు గారు వెళ్ళారు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. ఆయన గొంతు ఎప్పటిలాగే స్పష్టంగా వినిపించింది.

"ఆ అమ్మాయిని మీరు అడిగారా?"

"అడగలే."

"అడక్కుండానే సరి అని ఎలా రాశారు?"

"మస్తు కాగితాలుండె. చూడకుండ దస్తఖత్ పెట్టిన. గలతీ నాదే."

ముప్పైరెండేళ్ళ సర్వీసులో ఆయన చూడకుండా సంతకం పెట్టడం మాలో ఎవరమూ ఎరగం. విచారణ అధికారి కూడా నమ్మినట్టు లేడు. మూడుసార్లు అదే ప్రశ్న తిప్పితిప్పి అడిగాడు. మూడుసార్లూ ఆయన అదే జవాబు చెప్పారు.

తర్వాత నన్ను పిలిచారు. ఆయన బయటికి వస్తూ నాకు ఎదురయ్యారు. పక్కకు జరిగి దారిచ్చారు. లోపల అధికారి అడిగాడు.

"సూపరింటెండెంటు మిమ్మల్ని ఈ సర్టిఫికెట్ గురించి ఎప్పుడైనా అడిగారా?"

"లేదండీ" అన్నాను.

ఆ ఒక్క ప్రశ్నతో నన్ను పంపించేశారు. కుర్చీలో సరిగ్గా కూర్చోను కూడా కూర్చోలేదు.

వారానికి ఆయన్ను సస్పెండు చేశారు. విధి నిర్వహణలో నిర్లక్ష్యం, బహుశా కుమ్మక్కు అని ఉత్తర్వులో రాశారు. రిటైరవడానికి అయిదు నెలలుంది. ఆ ఉత్తర్వును ఆయన బల్ల మీదే పెట్టి వెళ్ళాడు జవాను. ఆయన దాన్ని చదివి, మడిచి షేర్వానీ జేబులో పెట్టుకుని, బీరువా తాళంచెవులు పక్క గుమాస్తాకు ఇచ్చి వెళ్ళిపోయారు. మా జిల్లాలో ఖాళీ లేదని, నన్ను మిగతా ముల్కీలు కానివాళ్ళతో పాటు గుంటూరు జిల్లాకు మార్చారు. నా మీద ఒక మచ్చ కూడా పడలేదు.

బయల్దేరే ముందు ఆయన ఇంటికి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను. ఆయన భార్య తలుపు తీసి, నేనెవరో తెలిశాక గడపలోనే నిలబడిపోయింది. రమ్మనలేదు. లోపలి నుంచి ఆయనే, "రానియ్యి" అన్నారు.

వెనక వరండాలో బనీనుతో, పాత లుంగీతో కూర్చుని ఉన్నారు. షేర్వానీ లేకుండా ఆయన్ను నేనెప్పుడూ చూడలేదు. చాలా చిన్నమనిషిలా కనిపించారు. నేను ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని ఏడ్చాను.

"అబద్ధం ఎందుకు చెప్పారు సార్? నన్ను అడిగానని చెప్పాల్సింది."

"చెప్తే నీ మీద కేసయితది. ఇరవై ఏండ్ల పిల్లవు."

"మీకు నా వల్ల..."

"నీ ఒక్కదాని వల్ల గాదు." ఆయన గొంతు కటువుగా మారింది. అలా ఆయన నాతో ఎన్నడూ మాట్లాడలేదు. "నేను మంచి పని జేసిన అనుకుంటున్నవా? ఆ రోజు రికార్డు రూములనే నాకు తెలిసింది. నీ మొఖం చూస్తెనే తెలిసింది. తెలిసే దస్తఖత్ పెట్టిన. ఎందుకంటే నువ్వు మంచి పిల్లవు, నా కింద పని నేర్చినవు, నిన్ను పంపబుద్ధి గాలే. గంతే. మరి ఆ టైపు చేసే పిల్ల? అయిదేండ్ల సంది ఆమె గూడ నా కిందనే ఉన్నది. ఆమె దిక్కు చూడలే నేను. గా దస్తఖత్ పెట్టేటప్పుడు ఆమె యాదికే రాలే."

వరండా అవతల ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు వస్తోంది.

"మీకు బాద్షా గెలిచిన కథలే చెప్పిన. ఎట్ల సచ్చిండో చెప్పలే" అన్నారు. "ముసలితనంల నది దాటి ఒక రాణి మీదికి పోయిండు. యుద్ధం జేసి గెలుద్దమనుకోలే. దావత్ పెట్టినట్టు పెట్టి, షరాబు ఇడిసిపెట్టి బాద్షా ఫౌజు ఎనకకు వచ్చింది. రాణి ఫౌజోళ్ళు తాగి పండుకుంటే మీద వడ్డరు. రాణి కొడుకు దొరికిండు. ఆ పిల్లగాడు సిగ్గుతోని పానం తీసుకున్నడు. అప్పుడు రాణి ఉన్న ఫౌజంత తీసుకొని వచ్చింది. బాద్షాను చంపి, తల కోసి, నెత్తురు నింపిన తోలుసంచిల ముంచిందట. నెత్తురంటే నీకు ఇష్టం గద, తాగు అన్నదట."

ఆయన లుంగీ అంచు సర్దుకున్నారు.

"గా కథ నాకు మొదటి సంది ఎర్కే. చెప్పబుద్ధి గాలే. పెద్దోడు గద, పెద్దోని తప్పు చెప్పొద్దనిపిచ్చె. కని మనిషి కింద పదిమంది ఉన్నప్పుడు ఆ కథనే ముందు చెప్పాలె." లేచి నిలబడ్డారు. "ఇగ పో బిడ్డా. బండికి టైమయితది."

గుంటూరులో ఉండగా ఒక పాత సహోద్యోగి ఉత్తరం రాశాడు. ఆయన పోయారని. విచారణ ఇంకా తేలనే లేదు. సస్పెన్షన్‌లో ఉన్న మనిషిగానే పోయారు. ఆఫీసు నుంచి ఇద్దరే వెళ్ళారట. ఆ ఉత్తరంలోనే ఇంకో వాక్యం ఉంది. నేను ఖాళీ చేసిన పోస్టును ఎవరికీ ఇవ్వలేదని, పొదుపు పేరుతో తీసేశారని, టైపిస్టు ఆర్డరును ఆ డిసెంబరు నుంచి పొడిగించలేదని.

ఆరేళ్ళ తర్వాత సెలవు మీద హైదరాబాదు వచ్చాను. అశోక్ నగర్‌లో ఒక ఇంటి అరుగు మీద, రేకు కప్పు కింద, టైపు మిషను ముందు అక్క కనిపించింది. ఉద్యోగాలకు దరఖాస్తులు టైపు చేసి ఇస్తోంది. నలుగురు కుర్రాళ్ళు కాగితాలు పట్టుకుని వరుసలో ఉన్నారు. జుట్టు సగం తెల్లబడింది. వాళ్ళు వెళ్ళేదాకా ఆగి దగ్గరికి వెళ్ళాను.

గుర్తుపట్టింది. కూర్చోమని ఒక స్టూలు చూపించింది. కాసేపు ఇద్దరం రోడ్డు వైపు చూశాం.

"ఆ అర్జీ నేనే టైపు జేసిన" అంది ఆమె. "నీ మీద జేసిన. సార్ మీద పడతదని తెల్వదు."

"నాకు తెలుసక్కా."

"సార్ పోయినంక శానా రోజులు నిద్ర పట్టలే. తర్వాత అనుకున్న, సార్ గూడ చూడకుండ సంతకం ఎందుకు పెట్టాలె? జర చూస్తే అయిపోవు గద. అట్ల అనుకోని మనసు నిమ్మలం జేసుకున్న."

అక్కడ నేను ఊరుకుని ఉండవలసింది. ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది. కానీ ఆరేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట గొంతులో ఉంది. వినాల్సిన మనిషి ఎదురుగా ఉంది.

"ఆయన చూశారక్కా. నన్ను పిలిచి అడిగారు. నేనే నిజమని చెప్పాను. విచారణలో నా కోసం అడగలేదని చెప్పారు."

ఆమె నా వైపు తిరిగింది. ఆమె చేతులు మిషను మీదే ఉన్నాయి.

"అడిగిండా?" అంది చివరికి.

"అడిగారు."

"నువ్వు చెప్పలే."

"చెప్పలేదు."

"మరి ఇప్పుడెందుకు చెప్తున్నవు నాకు?"

నా బరువు దించుకోవడానికి చెప్పానని అప్పుడే అర్థమైంది. దించుకున్నదాన్ని ఎవరి మీద పెట్టానో కూడా అర్థమైంది. ఆమె ఆరేళ్ళుగా కూడదీసుకున్న నిమ్మళాన్ని రెండు వాక్యాలతో తీసేశాను.

ఇంతలో ఒక కుర్రాడు దరఖాస్తు పట్టుకుని మెట్లెక్కాడు. ఆమె కాగితం అందుకుని మిషనులో పెట్టింది. "ఏ ఊరు? ఇక్కడ ఎన్నేండ్ల సంది ఉంటున్నవు?" అని అడిగింది అతన్ని. అతను చెబుతున్నాడు. ఆమె టైపు చేస్తోంది. నన్ను పొమ్మనలేదు, ఉండమనలేదు. కొంతసేపు ఆ స్టూలు మీదే కూర్చుని, లేచి చిక్కడపల్లి వైపు నడిచాను.

తర్వాత నేనూ సూపరింటెండెంటునయ్యాను. నా కింద పదకొండు మంది పనిచేశారు. వాళ్ళకు నేను ఏ రాజు కథా చెప్పలేదు. అనుమానం ఉన్న కాగితం మీద సంతకం పెట్టలేదు. దానికి నన్ను కఠినురాలనేవారు. ఒకసారి దొంగ సర్టిఫికెట్‌తో చేరిన ఒక అమ్మాయి నా ఎదురుగా నిలబడి ఏడ్చింది. అయినా ఆమె పేరు రాసి పైకి పంపించాను. ఆమె ఎక్కడికి వెళ్ళిందో, ఏమైందో నాకు తెలియదు.